సింప్లెక్స్ ప్లస్ మెటల్ డిటెక్టర్: మన ఎర్రనేలలో పనితీరు, మన పార్కుల్లో హద్దులు

టర్కీలో తయారయ్యే నోక్టా మాక్రో సింప్లెక్స్ ప్లస్ బరువు 1.3 కిలోలు. పనిచేసే ఫ్రీక్వెన్సీ ఒక్కటే, 12 కిలోహెర్ట్జ్. దానితో వచ్చే డీడీ కాయిల్ (నేల మీద తిప్పే పళ్లెం, లోపల రెండు డి ఆకారపు తీగచుట్లు) వెడల్పు 28 సెంటీమీటర్లు. 3 మీటర్ల లోతు నీళ్లలో మునిగినా మిషన్‌కు ఏమీ కాదు. లోపలే ఉండే బ్యాటరీని ఛార్జి చేస్తే ఒక రోజు పనికి సరిపోతుంది. 2023 నుంచి ఈ వరుసలో లైట్, బీటీ, అల్ట్రా అనే కొత్త మోడళ్లు వచ్చాయి. పాతదైన ప్లస్ ఇప్పుడు చేతులు మారుతూ సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతోంది. పొలంలోనో పెరట్లోనో ఇసుకలోనో పోయిన ఉంగరాన్నీ, ట్రాక్టరు పిన్నునూ వెతకడానికి ఇది నమ్మదగ్గ మిషన్. మున్సిపల్ పార్కుల్లో తిరుగుతూ చిల్లరా పాత నాణేలూ ఏరుకుందాం అనుకునేవాళ్లు మాత్రం శ్రీకాకుళంలో ఉన్నా, విజయనగరంలో ఉన్నా డబ్బు కట్టేముందు కింది సంగతులు చదవాలి.

మెనూలో ఐదు మోడ్లు ఉంటాయి: ఆల్ మెటల్, ఫీల్డ్, పార్క్ 1, పార్క్ 2, బీచ్. కొత్తవాళ్లు పొరబడేది ఈ పేర్ల దగ్గరే. పార్క్ అని రాసి ఉంది కాబట్టి పార్కులో వాడుకోవచ్చనుకుంటారు. ఆ పేరుకు అర్థం ఒక్కటే: రేకు ముక్కలు, సీసా మూతలు ఎక్కువగా ఉన్నచోట సిగ్నళ్లను విడదీసి వినిపించే సెట్టింగు. దానికీ అనుమతికీ సంబంధం లేదు. ఈ సరదా బాగా పాతుకుపోయిన అమెరికాలోనే ఒక్కో ఊరి పార్కుకు ఒక్కో రూలు ఉంటుంది. అక్కడి జాతీయ పార్కుల్లో అయితే డిటెక్టర్ వాడటమే కాదు, వాడటానికి సిద్ధంగా దగ్గర ఉంచుకోవడమూ నేరమే.

మన దగ్గర పట్టించుకోవాల్సిన చట్టాల్లో మొదటిది 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. మట్టిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా దాని లెక్కలో నిధే. విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. వస్తువును దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామని హామీ ఇవ్వాలి. దాచిపెడితే అందులో వచ్చే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడతాయి. నిధికి సొంతదారు లేడని తేలి, స్థలం యజమాని హక్కు అడిగి, ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం లేకపోతే మూడొంతులు దొరికినవాళ్లకు, ఒక వంతు స్థలం యజమానికి. నాలుగు భాగాల్లో మూడు అని తెలియక ఏమీ రాదనుకుని వస్తువును దాచేసి, రావాల్సిందీ పోగొట్టుకుని కేసులో ఇరుక్కునేవాళ్లున్నారు.

రెండోది 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం. నూరేళ్లు నిండిన నాణెం, విగ్రహం, శాసనం పురావస్తువు కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడానికి వీల్లేదు. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా రాగి నాణెం దొరికితే దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేముందు ఈ చట్టం గుర్తుకు రావాలి.

మూడోది మన రెండు జిల్లాలకు అన్నింటికంటే ఎక్కువగా తగిలే 1958 నాటి ప్రాచీన స్మారక కట్టడాల చట్టం. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ, ముఖలింగం గుళ్లు, శ్రీకూర్మం, నెల్లిమర్ల దగ్గర రామతీర్థంలోని గురుభక్తులకొండ ఈ కోవలోవే. వీటి చుట్టూ ఉన్న చెట్ల నీడా పచ్చికా చూస్తే పార్కులాగే కనిపిస్తాయి. అక్కడ డిటెక్టర్‌ను సంచిలోంచి బయటికి తీయకూడదు. సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోట మట్టిదిబ్బల్లాంటి తవ్వకాల స్థలాలకూ, బొబ్బిలి యుద్ధం జరిగిన ఊరి పాత కోట నేలకూ అదే మర్యాద పాటించాలి. కాలం పొరలు పొరలుగా నిలిచిన మట్టిలోంచి ఒక్క నాణేన్ని లాగేస్తే, అది ఏ పొరలో ఉందన్న సమాచారం మళ్లీ ఎవరికీ దొరకదు. రాగి ముక్క విలువకంటే ఆ సమాచారం విలువే ఎక్కువ.

ఈ మూడు చట్టాలూ మిషన్ గురించి మాట్లాడవు. తవ్వడం గురించీ, దొరికిన వస్తువు గురించీ మాట్లాడతాయి. మామూలు మున్సిపల్ పార్కు విషయంలో మొదటి అడ్డంకి స్థలం నగరపాలక సంస్థది కావడమే. పచ్చిక పెళ్లగించి, పైపు తెంపి నష్టం చేస్తే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం దాకా పోతుంది. ఆ చట్టం కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఇక గుప్తనిధుల పేరుతో గుళ్లను తవ్విపోసే ముఠాల వార్తలు చదివిన జనం, చేతిలో ఈ మిషన్ పట్టుకుని నేల వాసన చూస్తున్నట్టు తిరిగేవాణ్ణి ఊరికే వదలరు. వాళ్ల అనుమానంలో తప్పు లేదు. కమిషనర్ సంతకం ఉన్న కాగితం జేబులో ఉండాల్సింది అందుకే.

పార్కులో పుస్తెలతాడో ఉంగరమో పోయిందనుకుందాం. కమిషనర్‌కు ఇచ్చే అర్జీలో పార్కు పేరు, పోయిన చోటు గుర్తులు, వస్తువు ఫొటో లేదా బిల్లు, వెతికే తేదీ, సమయం రాయాలి. జనం తక్కువగా ఉండే ఉదయం 6 నుంచి 8 మంచిది. చేతి పనిముట్లే వాడతామనీ, బెత్తెడు లోతు దాటమనీ, తీసిన మట్టి అక్కడే పూడుస్తామనీ హామీ ఇవ్వాలి. వాచ్‌మన్‌ను దగ్గర నిలబెట్టమని మనమే అడిగితే అనుమతి తేలికవుతుంది. లాన్ కింద డ్రిప్ పైపు, దీపాల కేబుల్ ఏ వైపు వెళ్తున్నాయో పార్కు ఎలక్ట్రీషియన్‌ను అడగడం మరచిపోకూడదు. కాయిల్‌ను ముందుకు జరుపుతున్న కొద్దీ ఒకే సిగ్నల్ గీతలాగా సాగుతూ పోతోందంటే అది కేబుల్ అయి ఉండొచ్చు. అక్కడ బొరిగె కూడా దించొద్దు.

ఇప్పుడు నేల సంగతి. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు మాంగనీసు నేల. అక్కడ గులకరాళ్లు కూడా లోహంలాగా కూస్తాయి. సింప్లెక్స్ ప్లస్‌లో గ్రౌండ్ బ్యాలెన్స్‌ను, అంటే నేలలోని ఖనిజాల కూతను అణిచే సెట్టింగును, ఆటోమేటిక్‌గానూ చేతితోనూ సెట్ చేసుకోవచ్చు. ఆ ధరలో ఈ సౌకర్యం ఉండటమే దీన్ని మెచ్చుకోవడానికి పెద్ద కారణం. లోహం లేని చోటు చూసుకుని, బటన్ నొక్కిపట్టి, కాయిల్‌ను 15-20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నేలకు 3 సెంటీమీటర్ల దాకా దించుతూ లేపుతూ ఉంటే కొన్నిసార్లలోనే శబ్దం సద్దుమణుగుతుంది. యాభై అడుగులు నడిచాక మట్టి రంగు మారితే మళ్లీ చేయాలి. ఇది చేయకుండా సెన్సిటివిటీ (సన్నని సిగ్నల్‌నూ పట్టే చురుకు) పూర్తిగా పెంచి నడిచేవాళ్లే మిషన్ మంచిది కాదని తిట్టుకుంటారు. అలాంటి నేలలో సెన్సిటివిటీ రెండు మెట్లు తగ్గిస్తే లోతు కాస్త పోతుంది, కానీ వినిపించినదాన్ని నమ్మొచ్చు. ఉంగరమంత వస్తువుకు ఎర్రనేలలో జానెడు లోపలే భరోసా. పది అడుగుల లోతులో బంగారం చూపిస్తామని అమ్మే మిషన్ల మాట నమ్మొద్దు. ఇంత కాయిల్‌తో, ఇంత చిన్న వస్తువును అంత లోతులో పట్టడం జరగని పని.

బంగారాన్ని మాత్రమే చూపే మిషన్ కూడా లేదు. స్క్రీన్ మీద 0 నుంచి 99 వరకు కనిపించే అంకె, ఆ వస్తువు విద్యుత్తును ఎంత బాగా మోస్తుంది, ఎంత పెద్దది అన్న రెండింటి కలగలుపు. చిన్న ఉంగరమూ, మాత్రల స్ట్రిప్ రేకూ ఒకే చుట్టుపట్ల పలుకుతాయి. బంగారం కోసం వెతికేవాళ్లు ఆ రేకులన్నీ తవ్వాల్సిందే. గొలుసు ఇంకా కష్టం. మిషన్‌కు గొలుసు మొత్తం ఒక్క వస్తువుగా కనిపించదు, ఒక్కో కొలికీ విడివిడిగా కనిపిస్తుంది. పుస్తెలతాడు పోతే మనకు దొరికేది పుస్తెల సిగ్నల్. పుస్తెలు లేని సన్నగొలుసైతే కొక్కెం దగ్గరే ఆశ. ముక్కుపుడక కోసం ఈ కాయిల్ పట్టుకుని తిరగడం వృథా, దానికి జల్లెడే మేలు.

రూపాయి నాణేల విషయంలో కంపెనీ పుస్తకం మనకు ఉపయోగపడదు. మన ఒకటి, రెండు రూపాయల బిళ్లలు చాలావరకు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి. నాగావళి వంతెన కింద అయస్కాంతానికి తాడు కట్టి చిల్లర ఏరడం కుదిరేది అందుకే. ఇనుము వద్దని డిస్క్రిమినేషన్ పెట్టుకుంటే ఈ బిళ్లలు కూడా మూగబోతాయి, లేదా అంకె గెంతుతూ కనిపిస్తుంది. ట్రాక్టరు హిచ్ పిన్ను, నాగలి బోల్టు వెతికేటప్పుడు కూడా ఆల్ మెటల్‌లోనే పెట్టుకోవాలి. సోడా, బీరు సీసాల మూతలు ఇనుమే అయినా గుండ్రంగా చదునుగా ఉండటంతో మంచి వస్తువులా పలికి మోసం చేస్తాయి. కనిపెట్టడానికి ఒక కిటుకుంది. సిగ్నల్ మీద కాయిల్‌ను చిన్నగా ఊపుతూ మెల్లగా మన వైపు లాక్కోవాలి. కాయిల్ ముందు అంచు దగ్గరికి వచ్చేసరికి శబ్దం బొంగురుపోయి ఇనుము కూత వినిపిస్తే అది మూతే.

పోయిన వస్తువును వెతికే పద్ధతి ఇది. పది మీటర్లకు పది మీటర్ల చోటును పురికొసతో మీటరు వెడల్పు బాటలుగా విడదీయాలి. కాయిల్‌ను నేలకు 3-5 సెంటీమీటర్ల ఎత్తులో సమాంతరంగా ఉంచాలి. ఊపు చివర్లో పైకి లేపకూడదు, అందరూ చేసే తప్పు అదే. ఒక్కో ఊపుకు సగం కాయిల్ మాత్రమే ముందుకు జరగాలి. ఊపుకు రెండు సెకన్లు వేసుకుంటే ఒక బాట రెండున్నర నిమిషాల లోపు, పది బాటలు పాతిక నిమిషాల లోపు. తర్వాత పురికొసను అడ్డంగా మార్చి మళ్లీ తిరగాలి. రెండు దిక్కుల నుంచీ ఒకేలా పలికిన సిగ్నళ్లనే ముందు తవ్వాలి. జేబులో ఫోన్, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే మిషన్ ఊరికే కూస్తుంది. ఫోన్‌ను ఇంకొకరికి ఇచ్చి, మిషన్ ఫ్రీక్వెన్సీని కాస్త పక్కకు జరిపే ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ వాడి చూడాలి.

పచ్చికలో తవ్వడానికి పార, గునపం పనికిరావు. సన్నని తాపీ చాలు. మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేళ్లు తెగకుండా వదిలి, గడ్డిని తలుపులా తిప్పాలి. మట్టిని గోనెసంచి మీదే పోయాలి, గడ్డి మీద కాదు. వస్తువు తీశాక గుంట మీద ఒకసారి కాయిల్ తిప్పి, మట్టి పోసి, గడ్డి మూసి, కాలితో అదిమి, లీటరు నీళ్లు పోయాలి. నాలుగు వైపులా కోసిన గడ్డి ఎండల్లో మూడో రోజుకే పసుపెక్కి గుండ్రని మచ్చగా నిలుస్తుంది. ఆ మచ్చ చూశాక పార్కువాళ్లు ఇంకొకరికి అనుమతి ఇవ్వరు.

కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాల్లో పొడి ఇసుక ఈ మిషన్‌కు బాగా నప్పుతుంది. తడి ఉప్పు ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ గొణుగుతూనే ఉంటుంది, బీచ్ మోడ్ పెట్టినా పూర్తిగా ఊరుకోదు. కెరటం వెనక్కి పోయాక మిగిలే నల్లచార చూశారా, అందులో ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. ఆ చార మీద లోతు తగ్గిపోతుంది. ఎప్పుడూ తడి ఇసుకలోనే పనుంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మిషన్‌కు వెళ్లడం మంచిది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాల్లో గుడ్లు పెడతాయి. మూరెడు లోతులో వందకు పైగా గుడ్లుంటాయి. ఆ నెలల్లో కెరటం చేరని పై ఇసుకలో తవ్వొద్దు. అవి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి వచ్చాక కాయిల్ కవర్ విప్పి లోపలి ఇసుకను మంచినీళ్లతో కడగాలి. కవర్ సందులో నల్ల ఇసుక చిక్కితే మిషన్ తర్వాతి వారమంతా కారణం లేకుండా కూస్తుంది. కాడ బిగించే తాళాల్లోనూ ఇసుక దూరుతుంది, వాటిని కూడా విప్పి కడగాలి. ఛార్జింగ్ పిన్నులు పొడిబట్టతో తుడిచాకే కేబుల్ పెట్టాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మూడు చూసుకోవాలి: కాయిల్ కవర్ కింద పగులు, నీళ్లలో ముంచి తీస్తే స్క్రీన్ లోపల ఆవిరి, గంటసేపు నడిపితే బ్యాటరీ గీత ఎంత పడింది అన్నది. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది కాబట్టి అది అరిగితే పెన్సిల్ సెల్లుల్లా మార్చుకోవడం కుదరదు.

ఒక ఉంగరం కోసం వెతుకుతుంటే ఇంకెవరిదో ఉంగరం దొరకడం మామూలే. అది మనదైపోదు. సొంతదారును కనుక్కునే ప్రయత్నం చేయకుండా ఉంచేసుకోవడం భారతీయ న్యాయ సంహితలో నేరం. పార్కు ఆఫీసులో లేదా స్టేషన్‌లో రాయించి ఇవ్వాలి. పచ్చబారిన పాత రాగి బిళ్ల బయటపడితే తవ్వడం అక్కడితో ఆపాలి. చింతపండు పెట్టి తోమొద్దు, గుడ్డతోనూ రుద్దొద్దు. గుంట పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, లోతు రాసుకుని, బిళ్లను అదే మట్టితో చిన్న డబ్బాలో పెట్టి మూత మీద తేదీ వేయాలి. కలెక్టరుకు రాసే కాగితంలో ఆ లోతు, ఆ తేదీ, ఆ చోటు ఉన్నవి ఉన్నట్టు రాయాలి.