సూట్‌కేసు చక్రాలు తిరగని ఊరు

స్కీయింగ్ సెలవులకి అద్దెకి తీసుకున్న ఇంటి ప్రకటనలో "స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక" అని ఉంది. మాకు ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. అబద్ధం రాశారని అనలేను. ఎండాకాలంలో, చేతులూపుకుంటూ, ఇంటి నుంచి స్టేషన్‌కి దిగేవాళ్ళకి ఐదు నిమిషాలే పడుతుంది. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో, చీకటి పడ్డాక, నాలుగు సూట్‌కేసులతో, ఎగువకి. మంచులో పది అడుగులు లాగేసరికి చక్రాల్లో మంచు గడ్డకట్టి సూట్‌కేసు కాస్తా నాగలి అయింది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్య ఒక చేత్తో ఆవకాయ సీసా, ఇంకో చేత్తో మావాడి చెయ్యి పట్టుకుని "ఇంకెంత దూరం అమ్మా?" అని మూడుసార్లు అడిగారు. చివరికి పక్కింటి పెద్దాయన మా అవస్థ చూసి తన చెక్క స్లెడ్జి, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండి, తెచ్చిచ్చాడు. ఆ ఊళ్ళో పిల్లల్నీ కూరగాయల్నీ దాని మీదే లాక్కెళ్తారు.

ఊరి పేరు వెంగెన్. స్విట్జర్లాండ్‌లో, బెర్న్ రాష్ట్రపు కొండల్లో, 1,274 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి కార్లు పోయే రోడ్డే లేదు. కింద లోయలో లౌటర్‌బ్రునెన్ దాకా కారులో వచ్చి, అక్కడి బహుళ అంతస్తుల పార్కింగులో దాన్ని వదిలేసి, పట్టాల మధ్య పళ్ళున్న కమ్మీని పట్టుకుని కొండెక్కే రైలెక్కాలి. 1893 నుంచీ నడుస్తున్న రైలది, పావుగంటలో పైకి చేరుస్తుంది. మేం జర్మనీలో, ష్టుట్‌గార్ట్‌లో ఉంటాం కాబట్టి కారులోనే వెళ్ళాం. హైదరాబాదు నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి కారు దండగ. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, ఇంటర్‌లాకెన్ మీదుగా వచ్చేయొచ్చు. పర్యాటకులకి దేశమంతా రైళ్ళెక్కడానికిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వెంగెన్ దాకా విడిగా టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

కార్లు లేవు కదా, నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. తెల్లవారకముందే మంచు తోసే బండ్లు మొదలవుతాయి. పగలంతా చిన్న కరెంటు బండ్లు హోటళ్ళ సామాన్లు మోస్తూ సందుల్లో తిరుగుతాయి. ఆ బండ్ల గురించి ముందే తెలిసుంటే మాకు ఆ రాత్రి తప్పేది. చాలా హోటళ్ళు స్టేషన్‌కి బండి పంపుతాయి, ఏ రైలుకి వస్తున్నారో చెబితే చాలు. అపార్ట్‌మెంట్ తీసుకుంటే చాలాచోట్ల మీ సామాను మీదే. డబ్బు చూస్తే అపార్ట్‌మెంటే నయం, ముఖ్యంగా వంటిల్లు కావాల్సిన మనలాంటి వాళ్ళకి. కానీ అద్దె ఎంతో చూసేముందు మ్యాప్‌లో ఎత్తు గీతలు చూడండి. స్టేషన్ ఎంత ఎత్తులో ఉంది, ఇల్లు ఎంత ఎత్తులో ఉంది? మధ్యలో నలభై మీటర్ల తేడా ఉంటే, ప్లాస్టిక్ స్కీ బూట్లతో, భుజాన స్కీలతో, రోజూ ఒక పదమూడంతస్తుల మేడ ఎక్కుతున్నట్టే.

అంతకుముందు ఏడాది లౌటర్‌బ్రునెన్‌లోనే దిగాం. అద్దె తక్కువ, కారు ఇంటి ముందే. దాదాపు 300 మీటర్ల స్టౌబ్‌బాఖ్ జలపాతం కిటికీలోంచి కనబడేది. కానీ ఆ లోయకి రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు. చలికాలంలో ఎండ ఇలా వచ్చి అలా పోతుంది. వెంగెన్ ఎండ పడే గట్టు మీద ఉంది. మధ్యాహ్నం బాల్కనీలో కోటు విప్పి కూర్చోవచ్చు. ఎత్తు గురించి ఇంత సణిగినా, ఆ తేడాకి డబ్బు పెట్టొచ్చనే అంటాను.

స్కీలు అద్దెకిచ్చే కొట్లో ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చో అడుగుతారు. ఊరికే కాదు. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి ఊడిపోవాలో ఆ లెక్కతోనే బిగిస్తారు. మా ఆయన అందరి ముందూ ఆరు కిలోలు తగ్గించి చెప్పారు. మొదటి పూట ఎర్ర వాలు మీద (నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం) పడకుండానే ఎడమ స్కీ రెండుసార్లు ఊడి కిందకి జారింది. మళ్ళీ కొట్టుకి వెళ్ళి అసలు బరువు ఒప్పుకుని బిగింపు మార్పించుకున్నారు. బూటు లోపల సాక్సు ఒకటే, పల్చనిది వేసుకోవాలి. చలికి భయపడి రెండేసి వేస్తే కాలు నొక్కుకుపోయి రక్తం ఆడదు, ఇంకా చల్లబడుతుంది. నడిచేటప్పుడు మడమ ముందు ఆనించాలి, పైన కట్లు వదులు చేసుకోవాలి. ఇవన్నీ నాకు మూడోరోజుకి గాని తెలియలేదు.

మావాడికి ఎనిమిదేళ్ళు. వెంగెన్ ఎంచుకున్నది వాడి కోసమే. నేర్చుకునేవాళ్ళ మంచు మైదానం ఊరి మధ్యలోనే ఉంది, మనం కాఫీ తాగుతూ చూస్తూ ఉండొచ్చు. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడాన్ని పిల్లలకి "పిజ్జా" అని నేర్పుతారు. పాఠం చెప్పే అమ్మాయి వెనక్కి జారుతూ "పిజ్జా, పిజ్జా, పెద్ద పిజ్జా!" అని అరుస్తుంటే, మావాడు మోకాళ్ళు ముడుచుకుని, నాలుక బయటపెట్టి, సరిగ్గా ఆవిడ కాళ్ళ దగ్గర ఆగాడు. నాలుగోరోజుకి మాతో పాటు రైల్లో పైనున్న క్లైనె షైడెగ్ స్టేషన్ దాకా వచ్చి నీలం వాలు మీద నాకంటే ముందు దిగాడు.

అత్తయ్య స్కీలు ముట్టుకోలేదు. ఆవిడకి నచ్చింది మ్యూరెన్. లోయకి అవతలి గట్టున, దాదాపు 1,640 మీటర్ల ఎత్తున, వెంగెన్ కంటే చిన్న ఊరు. అక్కడా కార్లు తిరగవు. లౌటర్‌బ్రునెన్ నుంచి కేబుల్ కారెక్కి గ్రూట్ష్‌ఆల్ప్‌లో దిగి, అక్కణ్ణుంచి కొండ అంచునే పోయే చిన్న రైల్లో వెళ్ళాం. రైలు కిటికీలో ఐగర్, మోంక్, జుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ వరసగా మనతోనే వస్తాయి. పెద్ద వీధి పెద్దగా ఎగుడుదిగుడు లేకుండా సాగుతుంది. అత్తయ్య ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు నడిచి, "మనింటికి వెళ్ళే దారీ ఇలా ఉంటే బావుణ్ణు" అన్నారు. నేనేమీ అనలేదు.

స్కీయింగ్ దగ్గరికొస్తే మ్యూరెన్ వేరు. 1931లో మొదటి ఆల్పైన్ స్కీ ప్రపంచ పోటీలు జరిగిన ఊరది. పైన షిల్ట్‌హార్న్ శిఖరం, 2,970 మీటర్లు. అక్కణ్ణుంచి దిగే నల్ల వాలు చూస్తేనే మా ఆయన మోకాళ్ళు వణికాయి, అదీ కేబుల్ కారులో కూర్చుని. బాగా వచ్చినవాళ్ళకి మ్యూరెన్, ఇంట్లో తలో స్థాయిలో ఉన్నవాళ్ళకి వెంగెన్. ప్రాంతమంతటికీ కలిపి ఒకే స్కీ పాస్ దొరుకుతుంది, 200 కిలోమీటర్లకు పైగా వాలులు. మేం అందులో పదో వంతైనా చూడలేదు, కాబట్టి వెంగెన్ వైపు పాస్ చాలు.

తిండి సంగతి. రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ మోసుకెళ్ళడం ఈ ప్రయాణంలో మేం చేసిన తెలివైన పని. ఊళ్ళో కోప్ దుకాణంలో పెరుగు, బియ్యం, కూరలు దొరుకుతాయి. బయట తింటే బంగాళాదుంప తురుముతో అట్టులా వేసే రోస్టి మన నాలుకకి దగ్గర. కానీ అందులో పంది మాంసం ముక్కలు పడుతుంటాయి, "ఓనె ష్పెక్" (పంది మాంసం లేకుండా) అని గట్టిగా చెప్పాలి. గ్రుయెర్ లాంటి చీజ్‌ని దూడ పొట్టలోని రెన్నెట్‌తో తోడేస్తారని చెబితే అత్తయ్య ఫాండ్యూ (కరిగించిన చీజ్) గిన్నె వైపు మళ్ళీ చూడలేదు. మేం చూశాం.

షెంగెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ఇన్సూరెన్సు ఉంది కదా అని ఊరుకోకండి. అందులో స్కీయింగ్ కలిసిందో లేదో చదవాలి. వాలు మీద కాలు విరిగితే కిందికి తెచ్చే ఖర్చు మనదే. హెలికాప్టర్ వచ్చిందంటే చెప్పనక్కర్లేదు.

జనవరి మధ్యలో వెంగెన్‌లో లౌబర్‌హార్న్ స్కీ పందెం ఉంటుంది, దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దిగుడు. ఆ వారం చూడ్డానికే తప్ప నేర్చుకోడానికి వెళ్ళకూడదు. ఫిబ్రవరి బడి సెలవుల్లో అద్దెలు మండిపోతాయి. మావాడికి బడి ఉంది కాబట్టి మాకు మిగిలింది ఫిబ్రవరి, లేకపోతే ఈస్టర్. ఈస్టర్ నాటికి వెంగెన్ ఎత్తులో మంచు మధ్యాహ్నానికి బురదవుతుంది, మ్యూరెన్ పైన గట్టిగా నిలుస్తుంది. మావాడేమో మ్యూరెన్ వాలులకి సిద్ధమే అంటున్నాడు. వాళ్ళ నాన్న కాదు.

అందుకని రెండు ఊళ్ళలోనూ ఇళ్ళు చూస్తున్నాను. ఓనర్లకి రాసిన ఉత్తరాల్లో వంటిల్లు ఉందా, వైఫై ఉందా అని అడగలేదు. "మీ గుమ్మం నుంచి స్టేషన్‌కి ఎగువా దిగువా? స్లెడ్జి ఉందా?" అని మాత్రం అడిగాను. ఒకావిడ వెంటనే ఫొటో పంపింది: గుమ్మం పక్కన గోడకి ఆనించిన రెండు స్లెడ్జిలు, వెనకాల చదునుగా పోతున్న దారి.