జాగ్రత్త: కారు మీ పేరున ఉంటే నాన్-ఓనర్ ఎస్‌ఆర్-22 పాలసీ జోలికి వెళ్లకండి

టెక్సస్‌లో ఎస్‌ఆర్-22 (మీకు కారు ఇన్సూరెన్సు ఉందని కంపెనీ ప్రభుత్వానికి పంపే ధ్రువపత్రం) పెట్టాల్సి వచ్చి, కారు అరుదుగా మాత్రమే నడిపేవాళ్లు ఇది తప్పక చదవండి. నాకు ఆ పాలసీ అంటగట్టిన ఇన్సూరెన్సు ఏజెంటు ఎవరో నేను చెప్పనక్కర్లేదు. మన డాలస్ వాట్సాప్ గ్రూపులో ప్రతి పండగకూ శుభాకాంక్షల కింద తన ఫోన్ నంబరు పెట్టే పెద్దమనిషే.

ఇండియా వెళ్లి వచ్చినప్పుడు ఒకసారి, కార్డు గడువు తీరి ఆటోపే ఆగిపోయినప్పుడు మరోసారి, ఇన్సూరెన్సు లేకుండా నడుపుతూ దొరికిపోయాను. రెండోది కోర్టులో ఖరారు కాగానే లైసెన్సు సస్పెండైంది. అది తిరిగి రావాలంటే 100 డాలర్ల రుసుము కట్టాలి, రెండేళ్లపాటు ఎస్‌ఆర్-22 ఉండాలి. అంతవరకు తప్పు నాదే.

నేను ఇంటి నుంచే పని చేస్తాను కనుక కారు తీసేది వారానికోసారి సరుకులకు, ఎప్పుడైనా గుడికి. ఆ మాట వినగానే ఆయన, "అన్నా, ఇంత తక్కువ నడిపేవాళ్లకు ఓనర్ పాలసీ దండగ, నాన్-ఓనర్ మీద ఎస్‌ఆర్-22 వేయించేస్తాను, సగం డబ్బు మిగులుతుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. కారు నా పేరుననే ఉందని ఆయనకు తెలుసు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో తీసి పంపింది నేనే. లైసెన్సు తిరిగొచ్చిన సంతోషంలో ఆయన గురించి మరో నలుగురికి చెప్పాను కూడా. ఆ నలుగురూ నన్ను క్షమించాలి.

పోయిన శనివారం గ్రోసరీ దుకాణం పార్కింగులో వెనక్కి తీస్తూ పక్కవాళ్ల కారు తలుపు సొట్ట చేశాను. నాన్-ఓనర్ పాలసీ అప్పుడప్పుడూ ఇతరుల కారు నడిపేవాళ్ల కోసమని, సొంత కారుకు అది వర్తించదని, కాబట్టి 3,400 డాలర్లూ నేనే కట్టుకోవాలని కంపెనీ మూడే వాక్యాల్లో తేల్చేసింది.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఏడాదిగా నోరారా "అన్నా" అన్న మనిషి, ఆ రోజు మొదటిసారి "సార్" అన్నాడు. "సార్, పాలసీ కాగితాల్లో స్పష్టంగా ఉంది. సంతకం పెట్టింది మీరు, చదవకపోతే నేనేం చేస్తాను?" అన్నాడు. కారు ఉందని మీకు తెలుసు కదా అని అడిగితే, "మీరు అడిగింది ఎస్‌ఆర్-22, నేను ఇచ్చింది ఎస్‌ఆర్-22" అని, వెనక ఎవరితోనో నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువగా కోస్తోంది. కోడ్‌లో ప్రతి లైనూ నాలుగుసార్లు సరిచూసే నేను, సొంత పాలసీలో మొదటి పేజీ కూడా తిప్పలేదు. ఎంత గొప్ప ఇంజినీరునో!

అసలు ఎస్‌ఆర్-22 అనేది ఇన్సూరెన్సే కాదు, చట్టం అడిగిన కనీస లయబిలిటీ (మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కవరేజీ) మీకు ఉందని కంపెనీ డీపీఎస్‌కు, అంటే లైసెన్సులు ఇచ్చే టెక్సస్ ప్రభుత్వ శాఖకు, పంపే ధ్రువపత్రం మాత్రమే. ఆ కనీసం టెక్సస్‌లో ఒక్కరి గాయాలకు 30,000, ఒక ప్రమాదంలో అందరి గాయాలకూ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. నెలకు పది మైళ్లు నడిపినా వెయ్యి మైళ్లు నడిపినా ఈ లెక్క మారదు. కారు మీ పేరున ఉంటే ఆ కారు మీద ఓనర్ పాలసీ తీసుకుని, దానికే ఎస్‌ఆర్-22 పెట్టించండి.

ఇంకొకటి, నాలాగా కోపంలో "ఇప్పుడే రద్దు చేయండి" అని అరవకండి. పాలసీ రద్దయిన సంగతి ఎస్‌ఆర్-26 రూపంలో డీపీఎస్‌కు చేరుతుంది, లైసెన్సు మళ్లీ సస్పెండవుతుంది. కొత్త పాలసీ, దాని ఎస్‌ఆర్-22 ఖాయమయ్యాకే పాతది వదలండి. నా అదృష్టం బాగుండి ఒక స్నేహితుడు ఆ సాయంత్రమే హెచ్చరించాడు.

టెక్సస్ ఇన్సూరెన్సు శాఖకు ఈ రాత్రే ఫిర్యాదు పంపుతున్నాను, ఆ "అన్నా" వాయిస్ మెసేజ్ కూడా జతచేసి.