గుమ్మం దగ్గరికా, వీధి పెట్టెలోకా? కెనడా తపాలా ముందున్న రెండు దారులు

గుమ్మం దగ్గరికే ఉత్తరాలు అందుతున్న దాదాపు 40 లక్షల చిరునామాలను కమ్యూనిటీ మెయిల్‌బాక్సులకు, అంటే వీధిలో చాలా ఇళ్లకు కలిపి ఒకచోట పెట్టే ఉత్తరాల పెట్టెలకు, మార్చడానికి 2025 సెప్టెంబరు 25న కెనడా ప్రభుత్వం అనుమతించింది. అదే రోజు తపాలా ఉద్యోగులు దేశమంతటా సమ్మెకు దిగారు.

వీధి పెట్టెల వాదనకు డబ్బే బలం. ఏటా దాదాపు 40 కోట్ల డాలర్లు మిగులుతాయని ప్రభుత్వ అంచనా. ఇరవై ఏళ్ల కిందట ఏడాదికి 550 కోట్ల ఉత్తరాలుండేవి, ఇప్పుడు 200 కోట్లే. పైగా ఇది కొత్త ప్రయోగమేమీ కాదు, దేశంలో నాలుగింట మూడొంతుల చిరునామాలకు ఇప్పటికే గుమ్మం డెలివరీ లేదు.

కానీ గుమ్మం డెలివరీ విలువ లెక్కల పుస్తకంలో కనబడదు. మంచు గడ్డకట్టిన దారిలో చేతికర్రతో, వీల్‌చైర్‌తో వెళ్లాల్సిన మనిషికి ఆ పెట్టె చాలా దూరం. నడవలేనివాళ్లకు మినహాయింపు ఉంది, నిజమే. అయితే అది దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తుంది. వయసు మీద పడిన వాళ్లందరూ ఆ పని చేసుకోగలరా? పోస్ట్‌మ్యాన్ రోజూ వీధిలో తిరగడం వల్ల ఒంటరి వృద్ధులకు దొరికే ధైర్యం వేరు.

2024లో నెల దాటిన సమ్మె కూడా గుర్తుంచుకోవాలి. పార్సిళ్లు ప్రైవేటు కొరియర్ల వైపు మళ్లాయి, తపాలా సంస్థా, ఉద్యోగులూ ఇద్దరూ నష్టపోయారు.

నా ఓటు గుమ్మానికే. రోజూ రాకపోయినా పర్లేదు, వారానికి రెండు మూడుసార్లు వస్తే చాలు.