ద్వారకానగర్‌లో ఒక వీసా సహాయ కార్యాలయం: ఏ పనికి డబ్బు ఇవ్వవచ్చు, ఏ పనికి ఇవ్వనక్కరలేదు

అమ్మానాన్నల ఐరోపా యాత్రకు, అక్కడి చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెన్‌గెన్ వీసా, తరువాత చెల్లెలి కుటుంబానికి సింగపూర్ వీసా, ఈ రెండింటి పనీ విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక చిన్న కార్యాలయానికి అప్పగించాము. వీసాలు వచ్చాయి, ప్రయాణాలూ సవ్యంగా సాగాయి. అయితే వీసా వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ కార్యాలయాన్నీ మెచ్చుకోలేము. వీసా ఇచ్చేదీ నిరాకరించేదీ ఆయా దేశాల అధికారులే; దరఖాస్తులు స్వీకరించే వీఎఫ్ఎస్ వంటి సంస్థలకు గానీ, ఊళ్ళోని ఏజెంట్లకు గానీ ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు. కాగితాలు సిద్ధం చేయడంలో ఎంత శ్రద్ధ చూపారు, తీసుకున్న డబ్బుకు ఎంత న్యాయం చేశారు అన్నవే చూడవలసిన విషయాలు. లోపాలు కూడా రాస్తున్నాను కనుక కార్యాలయం పేరు చెప్పడం లేదు.

వారి పనితనం బాగా తెలిసింది బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర. కౌంటరులో ఉన్న మేడమ్ నాన్నగారి ఆరు నెలల స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, పింఛను జమ అయిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న గీత పెడుతూ వెళ్ళారు. ఒక పేజీలో ఆగి, “సార్, ఈ నాలుగు లక్షలు ఒకేసారి పడ్డాయి, ఎక్కడివండి?” అని అడిగారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి వచ్చిన డబ్బమ్మా అని నాన్నగారు చెప్పారు. “అయితే బ్యాంకు ఇచ్చిన ఆ కాగితం కూడా జతచేద్దామండి. లేకపోతే వీసా కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేశారనుకుంటారు” అన్నారామె. ఖాతాలో ఎంత ఉందన్నదానితో పాటు అది ఎలా వచ్చిందన్నది కూడా అధికారులు చూస్తారు. దరఖాస్తుకు కొద్ది రోజుల ముందు పడిన పెద్ద మొత్తానికి వివరణ లేకపోతే అనుమానం రావడం సహజం. ఖాతాలో తాత్కాలికంగా డబ్బు వేయించి స్టేట్‌మెంటు బాగా కనిపించేలా చేస్తామని చెప్పే ఏజెంట్లు ఊళ్ళో లేకపోలేదు. ఈ కార్యాలయం అటువంటి పని చేయదు. పింఛను పత్రాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఇంటి పన్ను రసీదు వంటివి ఒక వరుసలో పెట్టించి, కవరింగ్ లెటరు మాత్రం నాన్నగారి చేతే, ఆయన మాటల్లోనే రాయించారు. అధికారి ఏదైనా అడిగితే సమాధానం చెప్పవలసింది ఆయనే కదా అన్నది వారి వాదన, అది సరైన వాదన.

పేర్ల విషయంలో చూపిన శ్రద్ధ అంతకన్నా విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మన తెలుగువారికి అసలు చిక్కు అక్కడే వస్తుంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది; బ్యాంకు ఖాతాలో దానికి పొడి అక్షరమే ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్న సర్టిఫికెట్లలో పుట్టింటివారి ఇంటిపేరు ఉంది. ఇవన్నీ ఒక్కరివేనని మనకు చూడగానే అర్థమవుతుంది గాని, ఎక్కడో కూర్చుని ఫైలు తిరగేసే విదేశీ అధికారికి అర్థం కావలసిన అవసరం లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరుతో, పాస్‌పోర్టు నంబరుతో సహా బ్యాంకు నుంచి ఒక లేఖ తెమ్మని చెప్పి, ఆ లేఖ వచ్చేవరకు దరఖాస్తు ముందుకు కదపలేదు.

మేము అక్కడ ఉండగానే దుబాయి యాత్ర కోసం మరొకరు వచ్చారు. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, ఉన్నది ఒక్క మాటలో పేరు మాత్రమే. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని పర్యాటక, సందర్శక వీసాలపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకుని రమ్మని, అప్పటిదాకా టికెట్లు కొనవద్దని ఆయనకు చెప్పి, రూపాయి తీసుకోకుండా పంపించారు. డబ్బు తీసుకుని దరఖాస్తు వేసేయడం వారికి ఎంతో తేలిక. ఆ పని చేయకపోవడం చూశాకే నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

అంతకుముందు మరో చోట విచారిస్తే, షెన్‌గెన్ అంటే అన్ని దేశాలకూ ఒకటే వీసా కనుక అపాయింట్‌మెంటు ఏ దేశానికి త్వరగా దొరికితే ఆ దేశానికే వేద్దామన్నారు. అది నిబంధనకు విరుద్ధం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. అమ్మానాన్నలు దిగేది పారిస్‌లోనే అయినా, ఎక్కువ రాత్రులు గడిపేది స్విట్జర్లాండ్‌లో కాబట్టి స్విస్ వీసాకే వేయాలని ఈ కార్యాలయంవారు యాత్రా ప్రణాళిక చూసిన వెంటనే చెప్పారు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది చాలామందికి తెలుసు. అది షెన్‌గెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలన్నది కూడా పాలసీలో వేలు పెట్టి చూపించారు. పెద్దవారికి ముందే ఉన్న బీపీ, షుగరు వంటి వాటికి ఆ పాలసీలో ఏ మేరకు రక్షణ ఉందో చదివి వినిపించారు. వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా నిరాకరించినా అది తిరిగి రాదని, దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దానికి అదనమని డబ్బు కట్టకముందే చెప్పారు. వేలిముద్రలకు హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవారికి పొద్దున్నే స్లాటు పెడితే రైలు ఆలస్యమైనప్పుడు కష్టమని మధ్యాహ్నం స్లాటు తీసుకున్నారు. చిన్న విషయమే గాని, పెద్దవాళ్ళకు అది ఎంత ఊరటో అమ్మ ముఖం చూస్తే తెలిసింది.

ఇక లోపాలు. సింగపూర్‌లో బంధుమిత్రులు లేని భారతీయులు వీసాకు ఆ దేశ గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. ఈ కార్యాలయానికి ఆ గుర్తింపు లేదు. గుర్తింపు ఉన్న వేరే ఏజెంటుకు కాగితాలు పంపుతారు. ఆ సంగతి దాచలేదు కనుక తప్పు పట్టను. కానీ బిల్లులో ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఆ ఏజెంటు వాటా, వీరి ఛార్జీ అన్నీ కలిపి ఒకే అంకె వేశారు. అడిగితే విడదీసి చెప్పారు గాని, అడగనివారికి చెప్పరు. దానికి తోడు సింగపూర్ అరైవల్ కార్డు నింపినందుకు మనిషికి ఇంత అని వేరే తీసుకున్నారు. ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపల ఆ దేశ ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైటులో ఉచితంగా నింపుకునే కార్డు అది. థాయిలాండ్ 2025 మే 1 నుంచి తప్పనిసరి చేసిన డిజిటల్ అరైవల్ కార్డు, మలేషియా అడిగే కార్డు కూడా ఉచితమే. ఫోనులో నింపుకోవడం రానివారికి సాయం చేసి కొంత తీసుకోవడంలో తప్పు లేదు. అది ఉచితమని ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది గోప్యత లేకపోవడం. ఒకటే గది, ఒకటే బల్ల. శనివారం నాడు నలుగురైదుగురు వెనక నిలబడి ఉండగానే ఒకరి ఖాతా నిల్వ ఎంతో, ఎవరి పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో అందరికీ వినబడేలా మాట్లాడతారు. పాస్‌పోర్టులు, పాన్ కార్డులు సిబ్బంది సొంత ఫోన్ల వాట్సాప్‌కు పంపమంటారు, పని అయ్యాక వాటిని తొలగించే పద్ధతి ఏదీ లేదు. ఇంత శ్రద్ధగా కాగితాలు చూసేవారు ఆ కాగితాలను కాపాడటంలోనూ అంతే శ్రద్ధ చూపాలి. ఒక ఈమెయిలు చిరునామా, బల్లకు అడ్డంగా ఒక తెర పెడితే సగం సమస్య తీరుతుంది. ఈ మాట వారికి ముఖాముఖి కూడా చెప్పాను.

అయినా ఈ కార్యాలయాన్ని నేను గౌరవించడానికి మరో కారణం ఉంది. టూరిస్టు వీసా మీద ఉద్యోగాలకు పంపబోమని గోడమీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, టూరిస్టు వీసాలపై కంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారం 2024 మే నెలలో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. బాధితుల్లో మన ఊరి కుర్రాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ తరువాత కూడా “ముందు విజిట్ మీద వెళ్ళు, అక్కడ మార్చుకోవచ్చు” అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. పర్యాటక వీసాతో వెళ్ళి ఉద్యోగం చేయడం ఆ దేశ చట్టాన్ని ఉల్లంఘించడమే; అక్కడ ఏదైనా జరిగితే జీతం గురించి గానీ పనివేళల గురించి గానీ నిలదీయడానికి చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. మీ ఇంట్లో ఎవరినైనా ఇలా పంపుతామని ఎవరైనా వస్తే, ఆ మనిషి పేరు విదేశీ ఉద్యోగాలకు పంపడానికి అనుమతి ఉన్న ఏజెంట్ల ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

వీసా అక్కరలేని నేపాల్ వంటి చోట్లకు, లేదా స్వయంగా ఆన్‌లైనులో తీసుకోగలిగిన వియత్నాం ఈ-వీసా వంటి వాటికి ఈ కార్యాలయం దాకా వెళ్ళనవసరం లేదు. షెన్‌గెన్ వంటి కాగితాలు ఎక్కువగా అడిగే వీసాలకు, అందులోనూ పెద్దవారి దరఖాస్తులకు, వీరు తీసుకునే ఛార్జీ తగినదే. షెన్‌గెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల వరకు పడుతుంది, వేసవిలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. కనుక వేసవి యాత్ర అనుకుంటే సంక్రాంతి వెళ్ళగానే వీరి దగ్గరకు వెళ్ళండి, శనివారం తప్ప మరే రోజైనా వెళ్ళండి, ప్రభుత్వ రుసుము ఎంతో, వారి ఛార్జీ ఎంతో వేరువేరుగా రాసి ఇచ్చాకే డబ్బు కట్టండి.