పెరటి పక్షులకు రెండు మట్టి మూకుళ్ళు

ఖమ్మంలోని మా పెరట్లో పక్షుల దాహం తీర్చడానికి ఈ వేసవిలో రెండు మూకుళ్ళు కొన్నాను. ఒకటి రోడ్డు పక్కన కుండలు అమ్మే ఆమె దగ్గర 120 రూపాయలకు తీసుకున్న మామూలు మట్టి మూకుడు. రెండవది ఆన్‌లైన్‌లో 450 రూపాయలకు తెప్పించిన, నీలిరంగు పూసి నైలాన్ తాళ్ళు కట్టిన మూకుడు. ఏప్రిల్ నుంచి తొలకరి వరకు రెండింటినీ గమనించాను. చవకదే మేలు.

రంగు లేని మట్టిలోంచి నీరు సన్నగా ఊరి, పైన ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. రంగు ఆ సన్నని రంధ్రాలను మూసివేయడం వల్ల కాబోలు, నీలి మూకుడులోని నీరు మధ్యాహ్నానికి వేడెక్కిపోయేది. పక్షులకు చెమట పట్టదు కనుక అవి నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని పోగొట్టుకుంటాయి. అలా పోయిన తేమ మళ్ళీ నీటి వల్లనే చేకూరాలి. రోహిణి కార్తెలో మా వేపచెట్టు నీడన ముక్కులు తెరుచుకుని కూర్చున్న గోరింకలు ఒక్కొక్కటిగా దిగి మామూలు మూకుడు దగ్గరికే వచ్చేవి. గువ్వ ముక్కు ముంచి తల ఎత్తకుండా నీరు పీల్చుకుని ఎగిరిపోతుంది. గోరింక గుక్కగుక్కకూ తల పైకెత్తాలి, అంతసేపూ పిల్లి భయమే. అందువల్ల మూకుడును పొదలకు దూరంగా, నలువైపులా కనిపించే చోట పెట్టడం మంచిది.

లోపాలు లేకపోలేదు. నీరు ఊరిపోతుంది కనుక రోజుకు రెండుసార్లు నింపాలి. బోరునీటి ఉప్పు అంచున తెల్లగా పేరుకుంటుంది. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కనుక నీరు పారబోస్తే చాలదు, మూడు రోజులకొకసారి కొబ్బరిపీచుతో రుద్దాలి. అన్నిటికంటే పెద్ద లోపం లోతు: నాలుగు అంగుళాల నున్నని గోడ మీద నిలదొక్కుకోలేక పిచ్చుకలు అంచు వరకు వచ్చి వెనుదిరిగేవి.

మే చివరలో నైలాన్ తాడు ఎండకు పెళుసుబారి తెగింది, నీలి మూకుడు ముక్కలైంది. అమ్మినవారికి రెండుసార్లు రాసినా జవాబు లేదు. ఆ పెంకుల అంచులు అరగదీసి మామూలు మూకుడులో మెట్లలా పేర్చాను. మర్నాటి నుంచి పిచ్చుకలు వాటి మీద నిలబడి తాగుతున్నాయి, అప్పుడప్పుడు ఒక ఉడుత కూడా. 450 రూపాయలకు నాకు దక్కిన ప్రయోజనం అదొక్కటే.