కాశీలో హోటల్ లాకర్‌తో మా తిప్పలు

మొన్న కార్తీకంలో విజయవాడ నుంచి కాశీ వెళ్లొచ్చాం, నేను, మావారు, అత్తయ్య. ఎంత చెప్పినా ఆవిడ రెండు పేటల గొలుసు వేసుకునే బయల్దేరింది, ఖాళీ ఇంట్లో పెట్టి ఎలా వస్తానే అని.

మొదటి రెండు రోజులు గొదౌలియా దగ్గర హోటల్లో దిగాం. రూమ్ నీట్‌గానే ఉంది, వేణ్ణీళ్లు బాగా వచ్చాయి, బీరువాలో నంబర్ లాకర్ కూడా ఉందని సంబరపడి గొలుసు, కొంత క్యాష్ అందులో పెట్టేసి దశాశ్వమేధ ఘాట్‌లో హారతికి వెళ్లాం. తిరిగొచ్చి నొక్కితే ఒకటే కీచుమని శబ్దం, నంబర్ మర్చిపోయా. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు, మీరెవరు, లోపల ఏముంది అని ఒక్క మాట అడగలేదు, ఏవో సున్నాలు నొక్కాడు, ఠక్కున తెరుచుకుంది. నాకు గుండె ఆగినంత పనైంది. వాడెళ్లాక మావారు ఆ డబ్బాని ఊపి చూస్తే బోల్టులే లేవు, చంకలో పెట్టుకుపోవచ్చు!

ఇలాంటి లాకర్లకి మాస్టర్ కోడ్ అని వేరే ఉంటుంది, గెస్టులు మర్చిపోతే తీయడానికి, తప్పు కాదు. కానీ కంపెనీ ఇచ్చిన కోడ్‌నే మార్చకుండా వదిలేస్తారు చాలామంది. అందుకే ఇప్పుడు రూమ్‌లోకి వెళ్లగానే ఖాళీ లాకర్ మూసి నాలుగు సున్నాలు, ఆరు సున్నాలు, 1234 కొట్టి చూస్తున్నా. తెరుచుకుంటే అది బట్టల బీరువాతో సమానమే. మరీ విలువైనవుంటే రిసెప్షన్‌లో ఇచ్చి రాయించుకుని సంతకం తీసుకోవడం నయం. "మీ సామాన్లకు మీదే బాధ్యత" అని బోర్డు పెట్టేస్తే సరిపోదు, హోటల్ వాళ్లకి అప్పగించిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

మూడోరోజు పాండే హవేలీ వైపు తెలుగువాళ్ల సత్రానికి మారాం. లాకర్ గీకర్ ఏం లేవు, గడియకి మేం తీసుకెళ్లిన తాళంకప్ప వేసుకున్నాం, ఎందుకో అక్కడే హాయిగా నిద్రపట్టింది. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్ పట్టుకెళ్లనివ్వరు కదా, పూలు, పాలు కొంటే లాకర్ ఫ్రీ అని షాపులవాళ్లు వెంటపడతారు, మేం మాత్రం ఫోన్లు గదిలోనే పెట్టి వెళ్లాం. గొలుసు సంగతంటారా, అత్తయ్య చిన్న గుడ్డసంచి కుట్టుకుని రొంటిన దోపేసింది, మళ్లీ ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

అన్నట్టు ఆ హోటల్లో నా చార్జర్ మర్చిపోయా, ఫోన్ చేస్తే ఉందమ్మా అని కొరియర్ చేశారు, చార్జీలు మాత్రం మావే.