చిత్రకారుడు కాన్‌స్టేబుల్ పచ్చరంగును చెడగొట్టకుండా ప్రింటు తీసిన అంగడి

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి పాతూరు వైపు పోయే దారిలో, దేవుడి పటాలకు, పెళ్లి ఫొటోలకు ఫ్రేములు కట్టే చిన్న అంగడి ఒకటుంది. కాన్వాస్ ప్రింట్లు కూడా అక్కడే తీస్తారు. మా హైస్కూలు డ్రాయింగ్ గదికి రెండు బొమ్మలు అక్కడే చేయించాను. ఒకటి ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ గీసిన ‘హే వెయిన్’ (గడ్డిబండి ఉన్న పల్లె దృశ్యం), రెండోది ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా గీసిన ‘కియోస్ ఊచకోత’ (కియోస్ అనే గ్రీకు దీవిలో జరిగిన మారణకాండ).

ఈ రెండే ఎందుకంటే, వీటిని పక్కపక్కనే పెట్టి పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ‘హే వెయిన్’ను 1821లో లండన్‌లో పెడితే కొన్నవాళ్లు లేరు. తర్వాత ఆరోస్మిత్ అనే వ్యాపారి దాన్ని కొని పారిస్ తీసుకుపోయాడు. అక్కడ 1824లో సలోన్ అనే పెద్ద చిత్రకళా ప్రదర్శనలో దానికి ఫ్రాన్సు రాజు బంగారు పతకం వచ్చింది. కాన్‌స్టేబుల్ మాత్రం జన్మలో ఇంగ్లండు దాటలేదు. అదే సలోన్‌కు ‘కియోస్’ పంపుతున్న దెలాక్రువా, ముందుగానే కాన్‌స్టేబుల్ బొమ్మలు చూసి, తన బొమ్మకు మళ్లీ రంగులు దిద్దాడని చెబుతారు. మరుసటి ఏడాది తనే లండన్ వెళ్లాడు కూడా.

దెలాక్రువా అంతగా చూసింది ఏమిటో ఆయన డైరీలోనే ఉంది. తన పచ్చికకు ఆ అందం రావడానికి కారణం ఎన్నో రకాల పచ్చలు కలిసి ఉండటమేనని కాన్‌స్టేబుల్ చెప్పేవాడట. 1846లో కూడా దెలాక్రువా ఆ మాట గుర్తుపెట్టుకుని రాసుకున్నాడు. కాబట్టి ప్రింటు బాగుందా లేదా అనడానికి నాకున్న పరీక్ష ఒక్కటే. చెట్లలో ఎన్ని పచ్చలు కనిపిస్తున్నాయి?

అంగడి అన్న ఫైలు తెరవగానే, "మేడమ్, కొంచెం కలర్ పెంచి పైన లామినేషన్ వేస్తే బాగా మెరుస్తాది" అన్నాడు. పెళ్లి ఫొటోలకు అందరూ అడిగేది అదే మరి. ముందు చిన్న ముక్క శాంపిల్ తీయమన్నాను, విసుక్కోకుండా తీశాడు. రంగు పెంచిన ముక్కలో ఎడమపక్క ఇంటి వెనకున్న చెట్లన్నీ ఒకే పచ్చ అయిపోయాయి. గుర్రాల మెడపట్టీల ఎరుపు ఒక్కటే కంటికి కొట్టింది. పెంచకుండా తీసిన ముక్కలో చెట్టు అడుగున దాదాపు నలుపు, మధ్యలో ముదురు పచ్చ, కొమ్మల చివర పసుపు కలిసిన లేతపచ్చ విడివిడిగా కనిపించాయి. నీటి మీద, ఆకుల మీద కాన్‌స్టేబుల్ చల్లినట్టు పెట్టిన తెల్లచుక్కలు కూడా నిలిచాయి. రెండు ముక్కలూ పక్కన పెట్టి చూపిస్తే అన్నకే తేడా తెలిసింది. వెలుతురులోకి తీసుకుపోయి మళ్లీ చూసి, "లామినేషన్ వద్దులే మేడమ్, మ్యాట్ ఉంచుదాం" అన్నాడు. మా ఊరి పిల్లలకు ఆ పచ్చల సంగతి వేరే వివరించాల్సిన పని పడలేదు. వాన పడ్డాక చెనిక్కాయ చేను వాళ్లు రోజూ చూసేదే.

మూడడుగుల వెడల్పు కాన్వాస్ ప్రింటుకు, చెక్క చట్రానికి బిగించి బీడింగు కట్టినందుకు మొత్తం 2,400 రూపాయలు తీసుకున్నాడు. పనికి తగ్గ ధరే. అసలు బొమ్మ వెడల్పు 185 సెంటీమీటర్లు, అంటే మాది దాదాపు సగం. ఆ సైజులో కుడిపక్క దూరంగా పొలంలో గడ్డి కోస్తున్న మనుషులు కూడా కనిపిస్తారు. మీరు చేయించుకుంటే చుట్టూ తెల్ల అంచు వదలమని ముందే చెప్పండి. లేకపోతే చట్రం మీదికి మడిచేటప్పుడు బొమ్మ అంచు రెండంగుళాలు లోపలికి పోతుంది. మాది ఒక మూల మడత సరిగ్గా రాలేదు, చెబితే విప్పి మళ్లీ బిగించాడు. ఇస్తానన్న రోజుకు మాత్రం ఇవ్వలేదు. వినాయక చవితి, దసరా ముందు అయితే అస్సలు ఇవ్వకండి, పటాల పని మీద పడి ఉంటాడు.

‘కియోస్’ విషయంలో నాకు తృప్తి లేదు. అది నాలుగు మీటర్లకు పైగా ఎత్తున్న బొమ్మ. రెండడుగుల కాగితం మీదికి దిగేసరికి చనిపోయిన తల్లి రొమ్ము దగ్గర పాకులాడే బిడ్డ తెలుస్తాడు గానీ, వెనకున్న నేల, ఆకాశం సన్నటి పట్టీ అయిపోయాయి. కాన్‌స్టేబుల్ ప్రభావం చూపించాల్సింది అక్కడే! పైగా దీనికి అద్దం వేయించడంతో ట్యూబ్‌లైటు వెలుగు సరిగ్గా ఆ ఆకాశం మీదే పడుతోంది. అన్న పనిలో లోపం లేదు, ఇంత పెద్ద బొమ్మకు ఆ సైజు చాలదు. ఇలాంటివి తీయించాలంటే నాలుగడుగులకు తక్కువ వద్దు, అద్దం అసలే వద్దు.

ఇప్పుడు బోనింగ్టన్ అనే చిత్రకారుడి నీటిరంగుల బొమ్మ ఒకటి మ్యాట్ కాగితం మీద తీయమని ఇచ్చాను. నాటింగ్‌హామ్ దగ్గర పుట్టి, ఫ్రాన్సులోని కలేలో నీటిరంగులు నేర్చి, దెలాక్రువాకు స్నేహితుడై, 25 ఏళ్లకే 1828లో పోయిన కుర్రవాడు. ఆయన బొమ్మలు చిన్నవి కాబట్టి అసలు సైజులోనే వస్తుంది, ఖర్చు కూడా తక్కువ.